ఒకటి సిగ్మా, ఇంకోటి...?

క్లాసులో పిల్లలు నోరు విప్పకపోతే నాకు ఒళ్ళు మండిపోతుంది. ముందే చెప్పేస్తున్నాను, ఎందుకంటే ఈ చెప్పేదంతా ఆ మంట గురించే. నోయిడాలో మా అమ్మాయి చదివే స్కూల్లో కెమిస్ట్రీ టీచర్ ఉద్యోగం కోసం నేనిచ్చిన డెమో క్లాసు గురించి. డెమో అంటే పెళ్ళిచూపుల్లాంటిదే. ముందు బెంచీల్లో నిజం పిల్లలు కూర్చుంటారు. వెనక బెంచీలో ప్రిన్సిపాలూ ఇంకో ఇద్దరూ కాగితాలు పట్టుకుని కూర్చుంటారు. మనం పాఠం చెప్పాలి, వాళ్ళు మనల్ని ఎగాదిగా చూసి మార్కులు వేసుకోవాలి. తర్వాత ఫోన్ చేస్తామంటారు.

నేనేమీ కొత్తదాన్ని కాదు. పెళ్ళికి ముందూ తర్వాతా కలిపి పన్నెండేళ్ళు విజయవాడలో ఒక పెద్ద ఇంటర్ కాలేజీలో పాఠాలు చెప్పాను. పాఠాలు అనకూడదేమో, పాఠం అనాలి. అక్కడి పద్ధతి తెలియనివాళ్ళకి చెప్తే నమ్మరు. ఒక్కో లెక్చరర్‌కి ఒక్కో చాప్టర్ అప్పగిస్తారు. ఏడాది పొడుగునా అదే చాప్టర్, ఈ సెక్షన్ అయ్యాక ఆ సెక్షన్, ఈ బ్రాంచి అయ్యాక ఆ బ్రాంచి. నా వంతుకి కెమికల్ బాండింగ్ వచ్చింది. స్టాఫ్ రూములో ఎవరికీ నా అసలు పేరు గుర్తుండేది కాదు, 'బాండింగ్ మేడమ్' అనేవాళ్ళు. నా పక్క కుర్చీలో థర్మో మేడమ్ ఉండేది. ఇద్దరం ఒకే డబ్బాలో పెరుగన్నం తింటూ, ఆవిడ వేడి గురించీ నేను బంధాల గురించీ గొంతు పోగొట్టుకున్న కథలు చెప్పుకునేవాళ్ళం.

నా పాఠంలో గుండెకాయలాంటి భాగం సిగ్మా బంధం, పై బంధం. కెమిస్ట్రీ మర్చిపోయినవాళ్ళ కోసం రెండు ముక్కల్లో చెప్తాను. రెండు పరమాణువులు ఎలక్ట్రాన్లను పంచుకుని ఒకదానికొకటి అతుక్కుంటాయి. ఎదురెదురుగా వచ్చి ముక్కూ ముక్కూ తగిలినట్టు కలిస్తే అది సిగ్మా. పక్కపక్కన నిలబడి భుజాలు ఒరుసుకున్నట్టు కలిస్తే అది పై. ముందు ఏర్పడేది సిగ్మా, అది గట్టిది. దాని తర్వాతే పై బంధం, అది కాస్త బలహీనం. రెండు గీతలు గీసి డబుల్ బాండ్ అంటాం చూడండి, అందులో ఒకటి సిగ్మా అయితే ఇంకోటి పై. ఇంతే సంగతి.

ఆ కాలేజీల్లో మాకందరికీ ఒక అలవాటుంది. వాక్యం మేము పూర్తి చెయ్యం. చివరి మాట పిల్లలకి వదిలేస్తాం. "డబుల్ బాండ్‌లో ఒకటి సిగ్మా, ఇంకోటి?" అని గొంతు సాగదీసి ఆపేస్తే, క్లాసు క్లాసంతా "పై!" అని అరిచేది. "ట్రిపుల్ బాండ్‌లో ఒకటి సిగ్మా, మిగతా రెండూ?" "పై!" "రెండింట్లో గట్టిది?" "సిగ్మా!" పక్క సెక్షన్ మ్యాథ్స్ సార్ విసుక్కుంటూ వచ్చి మా తలుపు మూసి వెళ్ళేవాడు. అరుపు గట్టిగా వస్తే పాఠం ఎక్కినట్టు లెక్క. నీరసంగా వస్తే మళ్ళీ అడగాలి. వెనక బెంచీలో కునుకు తీస్తున్నవాడు కూడా ఆ చివరి మాట దగ్గర ఉలిక్కిపడి లేచి "పై" అనేవాడు. నాకు ఆ అరుపంటే ఇష్టం. దాచుకోవడం దేనికి, చాలా ఇష్టం.

మా ఆయన సాఫ్ట్‌వేర్ ఉద్యోగం నోయిడాకి మారడంతో మేమూ మారాం. రెండేళ్ళలో వెనక్కి వెళ్ళిపోదామన్నారు. అప్పుడు రెండో తరగతిలో ఉన్న పిల్ల ఇప్పుడు పదకొండుకొచ్చింది, మేమింకా ఇక్కడే ఉన్నాం. ఈలోపు నేను చెయ్యని ప్రయత్నం లేదు. లక్ష్మీ నగర్‌లో ఒక కోచింగ్ సెంటర్‌కి వెళ్తే హిందీలో చెప్పగలరా అని అడిగారు. నా హిందీ కూరగాయల బండి దాకానే. "భయ్యా, ఠీక్ సే లగావో" అని బేరమాడే హిందీతో ఆర్బిటాళ్ళ గురించి ఏం చెప్తాను? ఇంకోచోట ఇంగ్లీషు చాలన్నారు గానీ, పన్నెండేళ్ళూ ఒక్క చాప్టరే చెప్పారా అని మొహం మీదే నవ్వారు. మరోచోట ఉద్యోగంలో గ్యాప్ మరీ ఎక్కువైందన్నారు. గ్యాప్ రోజూ పెరుగుతుందే తప్ప తగ్గదు కదా, దానికి నేనేం చెయ్యను? నా ఖర్మ కాకపోతే!

హాయిగా ఇంట్లో ఉండక ఈ తాపత్రయం ఎందుకని మా అపార్ట్‌మెంట్ సొసైటీలో ఆంటీలు అడుగుతుంటారు. వాళ్ళకి చెప్పినా అర్థం కాదు. ఈ ఊరొచ్చాక నన్ను మేడమ్ అని పిలిచేది పార్సిళ్ళు తెచ్చేవాళ్ళే. మిగతా అందరికీ నేను ఫలానా ఫ్లాటు ఆంటీని. నాకు బోర్డు ముందు నిలబడాలని ఉంది, అంతే. పప్పు తాలింపు వేస్తూ వేస్తూ పొయ్యి వెనక టైల్స్ ఎదుట గరిటెతో గాల్లో ఎథిలీన్ అణువు బొమ్మ గీసుకున్న రోజులున్నాయి. అది చూసి మా ఆయన, "ఏమైంది, దోమా?" అని అడిగారు. అవునన్నాను.

ఇలా ఉండగా మా అమ్మాయి స్కూల్లో పదకొండో తరగతి కెమిస్ట్రీ మేడమ్ ఏడాది మధ్యలో మానేసింది. ఆ కబురు మా అమ్మాయి చెప్పలేదు. తల్లిదండ్రుల వాట్సాప్ గ్రూపులో ఎవరో గగ్గోలు పెడుతుంటే నేనే పట్టుకున్నాను. వెంటనే అప్లికేషన్ పెట్టాను, మా పాప ఇదే స్కూల్లో చదువుతోందని కూడా అందులో రాశాను. డెమోకి రమ్మన్నారు. టాపిక్ ఏమిటనుకున్నారు? సిగ్మా అండ్ పై బాండ్స్! నేను ఎగిరి గంతేశాను. దేవుడే నా కోసం పేపర్ లీక్ చేసినట్టనిపించింది. ఉద్యోగం వస్తే ఆదివారం అశోకా రోడ్‌లో తెలుగువాళ్ళ క్యాంటీన్లో భోజనం అని మా ఆయన ప్రకటించారు. మాకు ఏ సంబరం వచ్చినా అక్కడికే. ఎండలో క్యూలో నిలబడి, లోపలికెళ్ళి గోంగూర మళ్ళీ మళ్ళీ వేయించుకుని, ఇంటికొచ్చి పడుకుంటాం.

మా అమ్మాయి మాత్రం మొహం ముడుచుకుంది. దానికి తెలుగు అంతా అర్థమవుతుంది, జవాబు మాత్రం హిందీలోనే ఇస్తుంది.

"మమ్మీ, ప్లీజ్, ఏక్ కండిషన్," అంది.

"ఏంటది?"

"ఆప్ మేరీ మమ్మీ హో, యే కిసీ కో పతా నహీ చల్నా చాహియే."

నేను తన అమ్మనని ఎవరికీ తెలియకూడదట. అదీ షరతు.

"ఏం, నేనేమన్నా దొంగతనం చేసి వచ్చానా?" అన్నాను.

"ఐసా నహీ హై, మమ్మీ," అలా కాదంటూనే గదిలోకి వెళ్ళి తలుపేసుకుంది. పదహారేళ్ళొచ్చాక దాని సమాధానాలన్నీ ఆ తలుపుతోనే. తలుపు బయటే నిలబడి, సరే, చెప్పనులే అని మాటిచ్చాను. లోపల్నుంచి "థ్యాంక్యూ" అని వినిపించింది. ఆ థ్యాంక్యూకి నాకు ఇంకా మండింది.

ఆ వారమంతా సాయంత్రాలు డైనింగ్ టేబుల్ దగ్గర రిహార్సల్స్ వేశాను. ఫ్రిజ్ తలుపుకి చార్టు అంటించి, స్కెచ్ పెన్ పట్టుకుని నిలబడేదాన్ని. నాకున్న విద్యార్థులు ఇద్దరు. మా ఆయన గుంటూరులో అలాంటి కాలేజీలోనే చదివారు. సోఫాలో లాప్‌టాప్ మీంచి తల ఎత్తకుండానే, నేను "ఒకటి సిగ్మా, ఇంకోటి?" అనగానే "పై!" అని కేక వేసేవారు. ఒకసారి ఆఫీసు మీటింగులో మైక్ ఆపడం మర్చిపోయి కూడా కేకేశారు. అవతల మేనేజరు ఏమైందని అడిగితే టీవీ అని చెప్పారు పాపం.

రెండో విద్యార్థి మాత్రం ఉలకదు, పలకదు.

"చెప్పవే, ఇంకోటి?"

"మమ్మీ, ఆప్ సెంటెన్స్ పూరా క్యోఁ నహీ కర్తే?"

వాక్యం మీరే పూర్తి చెయ్యొచ్చుగా అంటుంది.

"పూర్తి చెయ్యాల్సింది నువ్వు. నీకు తెలుసా, తెలీదా?"

"పతా హై."

"తెలిస్తే చెప్పడానికి ఏం రోగం?"

"జబ్ దోనోఁ కో పతా హై, తో బోల్నా క్యోఁ హై?"

ఇద్దరికీ తెలిసినదాన్ని మళ్ళీ చెప్పడమెందుకట. విన్నారా! అరికాలి మంట నెత్తికెక్కింది నాకు. దీనికి ఎక్కాలు పూర్తిగా రాకముందే సిగ్మా, పై వచ్చు. అన్నం ముద్దలు పెడుతూ చెప్పించేదాన్ని. "ఒకటి సిగ్మా, ఇంకోటి?" అంటే బుగ్గన ముద్ద పెట్టుకుని "పై" అనేది. చుట్టాలొస్తే అదో ముచ్చట, అందరి ముందూ చెప్పించి మురిసిపోయేవాళ్ళం. అప్పుడు చిలకలా పలికిన నోటికి ఇప్పుడు తాళం పడింది.

"మీ స్కూల్లో పిల్లలు చెప్తార్లే, నీలా మొండిఘటాలు కారు," అన్నాను.

"నహీ బోలేంగే, మమ్మీ," అంది. చెప్పరట. భుజాలెగరేసి లేచి వెళ్ళిపోయింది.

డెమో రోజు ఇస్త్రీ చేసిన నేత చీర కట్టుకుని ఈ-రిక్షా ఎక్కాను. పదకొండు 'ఎ' సెక్షన్‌కి చెప్పాలని వాళ్ళు ముందే కబురు చేశారు. మా అమ్మాయిది 'సి'. కాబట్టి తన షరతుకీ నా పాఠానికీ పేచీ రాదని ఇద్దరం ధైర్యంగా ఉన్నాం. తీరా అక్కడికెళ్తే కోఆర్డినేటర్ మేడమ్ వరండాలోనే ఎదురొచ్చింది.

"మ్యామ్, 'ఎ' కే బచ్చే గ్రౌండ్ మేఁ హైఁ, మ్యాచ్ హై. ఆప్ 'సి' మేఁ లే లీజియే."

'ఎ' వాళ్ళు ఆటకెళ్ళారు, 'సి' వాళ్ళకి చెప్పండి అని.  మా పాప అదే సెక్షన్ అని ఇంగ్లీషులో చెప్పాను, చెప్పానా లేదా అని ఇప్పటికీ నన్ను నేను అడుగుతుంటాను, చెప్పాను. ఆవిడ చెవి దగ్గర ఫోను పెట్టుకుని "హాఁ హాఁ, ఠీక్ హై" అంటూ మెట్లెక్కేసింది. ఆ ఠీక్ హై నాకో, ఫోనులో వాళ్ళకో తెలియదు.

లోపలికి అడుగు పెట్టేసరికి కిటికీ పక్కన మూడో బెంచీలో మా అమ్మాయి. నన్ను చూడగానే దాని మొహంలో నెత్తురు చుక్క లేదు. నేను చటుక్కున చూపు తిప్పుకున్నాను. మాటిచ్చాను కదా. అందరూ లేచి "గుడ్ మార్నింగ్, మ్యామ్" అన్నారు. అదీ లేచింది, అదీ అంది. నా కడుపున పుట్టినది నన్ను మ్యామ్ అంటుంటే ఎలా ఉంటుందో ఏం చెప్పను. "గుడ్ మార్నింగ్, సిట్ డౌన్" అన్నాను.

పాఠమంతా ఇంగ్లీషులోనే చెప్పాను. బోర్డు మీద ఎథిలీన్ గీశాను. రెండు కార్బన్లు, మధ్యలో రెండు గీతలు, చుట్టూ నాలుగు హైడ్రోజన్లు. మార్కర్ చేతిలో పడగానే ఒంట్లోకి ప్రాణం వచ్చినట్టయింది. సిగ్మా ఎలా ఏర్పడుతుందో, పై ఎలా ఏర్పడుతుందో, ఏది గట్టిదో చెప్పాను. పై బంధం వల్లే డబుల్ బాండ్ చుట్టూ అణువు గిర్రున తిరగలేదని కూడా చెప్పాను. గొంతు బాగా పలుకుతోంది. వెనక బెంచీలో ప్రిన్సిపాల్ తల ఊపుతోంది. ఇక ఉద్యోగం వచ్చేసినట్టే అనుకుని, బొమ్మ మీద రెండు గీతలూ చూపించి, అలవాటు ప్రకారం గొంతు సాగదీసి, "వన్ ఈజ్ సిగ్మా, అండ్ ది అదర్ వన్ ఈజ్?" అని ఆగాను.

ఎవరూ మాట్లాడలేదు.

వినపడలేదేమోనని మళ్ళీ అన్నాను. ఏసీ హోరు తప్ప ఏమీ లేదు. ముందు బెంచీలో ఒకమ్మాయి సీసా మూత తిప్పి నీళ్ళు తాగి మళ్ళీ మూత పెట్టింది. కళ్ళజోడు పెట్టుకున్న ఒకబ్బాయి నా వైపు జాలిగా చూశాడు. మాట మర్చిపోయి అవస్థ పడుతున్నాననుకున్నాడు కాబోలు. నాకు చిర్రెత్తుకొచ్చింది. తెలియక కాదు, ఒక్కొక్కడి మొహంలో జవాబు కనపడుతోంది. నోరు పెగల్చరే! ట్రిపుల్ బాండ్ గీసి అక్కడా ఖాళీ వదిలాను. అక్కడా అంతే. ప్రిన్సిపాల్ తల ఊపడం ఆపేసి కాగితం మీద ఏదో రాసుకుంది. పక్కాయన తొంగి చూసి ఆయనా రాసుకున్నాడు. విజయవాడలో గోడలు అదిరిపోయిన మాట ఇక్కడ మూగపోయింది.

చూడకూడదు అనుకుంటూనే మూడో బెంచీ వైపు చూశాను. అది బెంచీ మీద గోటితో ఏదో గీస్తోంది. ఒక్క మాట, ఒకే ఒక్క మాట అంటే చాలు, దాని వెనక మిగతావాళ్ళు అందుకుంటారు. అనవే తల్లీ అని లోపల్లోపల బతిమాలాను. తల ఎత్తలేదు. చివరికి ఆ ఖాళీని నేనే "పై" అని పూరించి, చెమట తుడుచుకుని, బోర్డు వైపు తిరిగాను.

"మ్యామ్."

ఆ గొంతు నాకు తెలుసు. తిరిగి చూస్తే మా అమ్మాయి చెయ్యెత్తి ఉంది. లేచి నిలబడి, చక్కటి ఇంగ్లీషులో, నేనెవరో తెలియనట్టే అడిగింది. "మ్యామ్, సిగ్మా గట్టిది, పై బలహీనం అన్నారు. కానీ అణువు తిరగకుండా ఆపేది పై బంధమే అంటున్నారు. గట్టిదే తిరగనిస్తుంటే, బలహీనమైనది ఎలా ఆపుతుంది?"

ముందు నాకొచ్చింది కోపమే. వారమంతా డైనింగ్ టేబుల్ దగ్గర నోరు కుట్టేసుకున్న పిల్ల, ఇక్కడ ముగ్గురు మార్కులేసేవాళ్ళ ముందు, పోయి పోయి ఇప్పుడా నోరు విప్పడం? పగబట్టిందనుకున్నాను. ఆ తర్వాత ప్రశ్న మెల్లగా లోపలికి దిగింది. అన్ని బ్యాచ్‌ల్లో, అన్ని సెక్షన్లలో ఏ ఒక్కరూ నన్ను ఆ ప్రశ్న అడగలేదు. జవాబు తెలుసు నాకు, ఎమ్మెస్సీలో చదివాను. కానీ ఒక్కసారి కూడా నోటితో చెప్పే పని పడలేదు.

"కమ్ హియర్," అన్నాను.

అది కాళ్ళీడ్చుకుంటూ వచ్చింది. పిడికిలి బిగించి ముందుకు చాపమన్నాను. నా పిడికిలి తీసుకెళ్ళి దానికి ఎదురుగా ఆనించాను. ఇది సిగ్మా అన్నాను. నా మణికట్టు అటూ ఇటూ మెలితిప్పి చూపించాను. చూడండి, నేను తిరిగినా పిడికిళ్ళు తగులుతూనే ఉన్నాయి, సిగ్మాకి తిరగడంతో పేచీ లేదు అన్నాను. క్లాసంతా మెడలు చాచి చూస్తోంది. ఇప్పుడు రెండో చెయ్యి ఇద్దరం నిటారుగా ఎత్తాలి, తల మీద అరచేతులు కలవాలి, అది పై బంధం. నిజానికి కింద వైపు కూడా అలాగే కలవాలి, చీరలో ఆ విన్యాసం కుదరదని వదిలేశాను. అరచేతులు కలిశాక నేను పక్కకి ఒరిగితే అవి విడిపోతాయి, అది చూపిస్తే జవాబు సగం తేలిపోతుంది.

కానీ అది చెయ్యి ఎత్తదే! సిగ్గుతో సగం లేపి, వంకరగా పెట్టి, కిటికీలోంచి బయటికి చూస్తోంది. "హయ్యర్," అన్నాను. లేవలేదు. "స్ట్రెయిట్, ప్లీజ్." ఊహూఁ. వెనక ప్రిన్సిపాల్ గడియారం చూసుకుంటోంది. అంతే, వచ్చేసింది నోట్లోంచి.

"చెయ్యి సరిగ్గా ఎత్తవే! పొద్దున అన్నం తినలేదా?"

మాట తెలుగే అయినా, అది అమ్మ గొంతని అందరికీ తెలిసిపోయింది. సీసా అమ్మాయి లేచి నిలబడి, "అరే, యే తో ఇస్కీ మమ్మీ హై!" అంది, ఈవిడ దీని అమ్మే అని. అంతసేపూ ఒక్క మాట రాలని క్లాసు గొల్లుమంది. బల్లలు కొట్టారు, ఈలలేశారు. నేను కోరుకున్న గోల అంతా వచ్చింది, కాకపోతే పాఠానికి కాదు. మా అమ్మాయి కళ్ళు నీళ్ళతో నిండిపోయాయి. చెయ్యి మాత్రం అప్పటికి నిటారుగా లేచి ఉంది, అరచెయ్యి నా అరచేతికి ఆని ఉంది. అసలు చూపించాల్సిన మలుపు ఇంకా చూపించనే లేదు, వెనక బెంచీలోంచి కోఆర్డినేటర్ మేడమ్ లేచి, "థ్యాంక్యూ మ్యామ్, టైమ్ హో గయా" అంది. టైమ్ అవలేదు. గోడ మీద గడియారం నాకూ కనపడుతోంది.

ఆఫీసు గదిలో మంచినీళ్ళిచ్చారు. ప్రిన్సిపాల్ చాలా మర్యాదగా మాట్లాడింది, ఆ మర్యాదే నన్ను కాల్చింది.

"క్వెశ్చన్ చాలా బాగుంది మ్యామ్. ఇంట్లో ప్రిపేర్ చేయించారా?"

నాకు మొదట అర్థం కాలేదు.  మా అమ్మాయికి నేనే ప్రశ్న బట్టీ పట్టించి, నేనే జవాబు చెప్పుకునే నాటకం ఆడానట! లేదండీ, అది ఆ ప్రశ్న అడుగుతుందని నాకే తెలియదు అన్నాను. మీ పాప సెక్షన్ అని ముందే చెప్పాల్సింది కదా అంది. అప్లికేషన్‌లో రాశాను, వరండాలో చెప్పాను అన్నాను. కోఆర్డినేటర్ మేడమ్ నాకేమీ చెప్పలేదే అన్నట్టు కనుబొమలెగరేసింది. "పైగా మ్యామ్, ఆ ప్రశ్నకి ముందు క్లాసులో ఇంటరాక్షనే లేదు. మీరు అడుగుతున్నారు, ఎవరూ పలకలేదు. పలికింది మీ పాప ఒక్కతే," అంది ప్రిన్సిపాల్. ఏం చెప్పాలి నేను? మా ఊళ్ళో ఆ పద్ధతికి గోడలు దద్దరిల్లేవని చెప్పనా? కడుపులో తిట్లన్నీ తెలుగులో బారులు తీరాయి, హిందీలో ఒక్కటీ రాలేదు, ఇంగ్లీషులో వచ్చినవి సరిపోలేదు. "ఓకే," అన్నాను. ఫోన్ చేస్తామన్నారు. పిల్ల జీవితంలో మొదటిసారి నన్నొక నిజమైన ప్రశ్న అడిగితే, దాన్నే నాటకమన్నారు. దానికి మాత్రం నా ఒళ్ళు ఇప్పటికీ మండుతోంది.

స్కూలు వదిలే గంట దాకా గేటు బయట ఎండలో నిలబడ్డాను. మా అమ్మాయి రోజూ స్కూలు బస్సులో వస్తుంది. ఆ రోజు బస్సు వైపు వెళ్ళలేదు, నేరుగా వచ్చి నేను పిలిచిన షేర్ ఈ-రిక్షాలో నాకు ఎదురు సీట్లో కూర్చుంది. దాని పక్కన కొత్తిమీర కట్టలు పైకి కనపడే సంచీతో ఒకావిడ ఎక్కింది. బండి కదిలింది.  ఇక నావల్ల కాలేదు.

"ఇంట్లో నోరు విప్పవు. అక్కడెందుకే అడిగావు? నన్ను కాపాడదామనా, ముంచుదామనా?"

"మమ్మీ, సచ్ మేఁ నహీ పతా థా."

నిజంగానే తెలియదట.

"తెలియకపోవడమేంటి? బుగ్గన ముద్ద పెట్టుకున్నప్పటి నుంచీ చెప్తున్నానా లేదా?"

"ఆన్సర్ పతా థా. క్యోఁ, వో నహీ పతా థా."

జవాబు తెలుసు, ఎందుకో తెలియదు.

"మరి ఇంట్లో అడిగి ఏడవచ్చుగా!"

అది నా వైపు చూసింది. కోపంగా కూడా లేదు. "ఆప్ హీ పూఛ్తే రహ్తే హో, మమ్మీ. హమ్ కబ్ పూఛేఁ?" అంది. ఎప్పుడూ మీరే అడుగుతూ ఉంటే, మేమెప్పుడు అడగాలి అని.

  సంచీ ఆవిడ కొత్తిమీర సర్దుకుంటున్నట్టు నటిస్తూ మా మాటలు వింటోంది. అయినా వదలకుండా, మరి నీ షరతు నేనే పాడు చేశాను కదా, రేపు అందరూ వెక్కిరిస్తారేమో అన్నాను. "కరేంగే," అంది, వెక్కిరిస్తారులే అన్నట్టు. ఆ తర్వాత, "ఔర్ ఆప్‌నే ఆధా హీ బతాయా. టర్న్ కర్కే తో దిఖాయా హీ నహీ," అంది. సగమే చెప్పారు, తిరిగి చూపించనే లేదు అని. అని ఊరుకోలేదు. కదిలే రిక్షాలో పిడికిలి బిగించి నా ముందుకు చాపింది. రెండో చెయ్యి తనంతట తనే ఎత్తింది, వేళ్ళు రిక్షా టాపుకి తగిలేదాకా.

నా పిడికిలి దాని పిడికిలికి ఆనించాను. నా అరచెయ్యి దాని అరచేతికి కలిపాను. ఇంగ్లీషు లేదు, హిందీ లేదు, తెలుగులోనే చెప్పాను. "ఇప్పుడు నేను ఒరుగుతున్నా చూడు. పిడికిలి అలాగే ఉందా? సిగ్మాకి ఏమీ కాలేదు. పైన చేతులు చూడు." ఒరిగాను. అరచేతులు జారి విడిపోయాయి. "అణువు తిరగాలంటే ఇది తెగాలి. గట్టిదా బలహీనమా అని కాదే, తిరిగితే తెగేది ఏది అని. సిగ్మాతో పోలిస్తే ఇది బలహీనమే. కానీ తెంచాలంటే బోలెడు శక్తి కావాలి, మామూలు వేడికి లొంగదు. అందుకే డబుల్ బాండ్ చుట్టూ అణువు?"

పాడు అలవాటు. గొంతు సాగదీసి ఆగిపోయాను. అది నా మొహంలోకే చూస్తోంది, నోరు విప్పలేదు. సంచీ ఆవిడ కూడా కొత్తిమీర వదిలేసి నా వైపే చూస్తోంది, ఒక్క ముక్క అర్థం కాకపోయినా.

"తిరగదు," అన్నాను. నేనే.

"అచ్ఛా," అంది మా అమ్మాయి. చేతులు దించుకుని నుదురు ముడేసింది. ఆ స్కూలు నుంచి ఫోన్ రాదని నాకప్పుడే తెలుసు, రాలేదు కూడా. ఆదివారం అశోకా రోడ్డూ లేదు, గోంగూరా లేదు.  మా సొసైటీ గేటు దగ్గరికొచ్చి రిక్షా నెమ్మదించింది.

"మమ్మీ, ఫిర్ బహుత్ జ్యాదా గరమ్ కరేఁ తో?" అంది.

మరి బాగా వేడి చేస్తే అప్పుడు తిరుగుతుందా అని అడుగుతోంది.

"భయ్యా, ఆగే చలో," అన్నాను, గేటు దగ్గర ఆపకుండా ముందుకే పోనిమ్మని.